చివరి ఆట తర్వాత లెక్క

పోలండ్‌లో, వూచ్ నగరంలో, నవంబరంటే
మధ్యాహ్నం మూడున్నరకే దీపాలు వెలిగించే నెల.
ఒకప్పటి నూలు మిల్లు గోదాము మా సినిమా హాలు.
నూట పన్నెండు సీట్లు. తలుపు దగ్గర నేను.
టికెట్టు చింపి సగం వాళ్ళకిస్తాను,
సగం రేకు డబ్బాలో వేసుకుంటాను.
పందొమ్మిదేళ్ళుగా ఇదే కొలువు.

గురువారం రాత్రులు మాత్రం
బుర్ర తిరగేసే సినిమాలు.
ఆ రోజొచ్చే జనమే వేరు.

హల్ష్కా వస్తుంది.
పగలంతా ఊళ్ళో లిఫ్టులు తనిఖీ చేస్తుంది.
తీగ లాగి చూసి, బ్రేకు వేసి చూసి,
"ఇది పడదు" అని సంతకం పెడుతుంది.
చీకటి పడ్డాక నా దగ్గరకొచ్చి
ఇరవై రెండు జ్లోతీలు చెల్లించి
కాళ్ళ కింద నేల లాగేయించుకుంటుంది.
"పడ్డాక కూడా
ఏ అంతస్తులో ఆగానో తెలియకూడదయ్యా,"
అంది ఒకసారి, బూట్ల మంచు దులుపుకుంటూ,
"అప్పుడే డబ్బులు గిట్టుబాటు."

జెనోన్ వస్తాడు. చదరంగం పోటీల్లో తీర్పరి.
ముట్టుకున్న పావును కదపాల్సిందేననే మనిషి.
చచ్చిపోయిన తమ్ముడు
సగం సినిమా గడిచాక వంటింట్లో కాఫీ కలుపుతుంటే
పసివాడిలా నోరు తెరుస్తాడు.
ఆట విడిచాక వీధి మెట్లు లెక్కపెడతాడు.
పదకొండు.
నమ్మకం చాలక మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగుతాడు.
పదకొండే.
అప్పుడు గాని టోపీ పెట్టుకోడు.

నేను తెర చూడను, ముఖాలు చూస్తాను.
ప్రతి సినిమాలో ఒక చోటొస్తుంది.
అద్దంలో ఆమె
ఒక్క క్షణం ఆలస్యంగా వెనక్కి తిరిగే చోటు.
బెదిరింపు ఉత్తరాల్లో చేతిరాత
తనదేనని వాడు పోల్చుకునే చోటు.
అక్కడ మెడలన్నీ
గాలి మళ్ళిన చేనులా ఒక్క పక్కకి ఒరుగుతాయి.
గంటన్నరగా అల్లుకున్నదంతా
ఒక్క పోగు లాగితే
స్వెట్టరులా విడిపోయి ఒళ్ళో పడుతుంది.
ఇంత నిలువునా మోసపోయి
ఇంత వెలిగే ముఖాలు మరెక్కడా చూడలేదు.
బజార్లో గుడ్డొకటి తక్కువైతే
వీధిని ఏకం చేసే మనుషులే వీళ్ళు.

బయట ట్రామ్ స్టాపులో కొత్త జంట.
"ఆ చెల్లెలు మొదట్నించీ లేదు," అంటాడు కష్పెర్.
"మరి ఆ సూపు ఎవరు తాగారు?" అంటుంది బోగ్నా.
మూడు ట్రాములు వెళ్ళిపోయాయి.
సూపు సంగతి ఇంకా తేలలేదు.

పోయిన గురువారం
హల్ష్కా రెండు టికెట్లు చాచింది.
"రెండోది ఎవరికి?" అన్నాను.
ఆవిడ పక్కకి చూసి నవ్వింది.
పక్కన ఎవరూ లేరు.
నా వెన్ను మీద చీమ పాకింది.
దీపాలు ఆరాక టార్చి పట్టుకుని
గోడ వారగా నడిచాను, గుండె చప్పుడు నాకే వినిపిస్తూ.
ఆవిడ పక్క సీట్లో
తల వాల్చి, భుజాలు జార్చి,
కొత్త ఉన్ని కోటు.
వానకి తడిసింది, నలగకూడదని
దానికీ ఒక సీటు కొనుక్కుంది.
తాడును చూసి ఎగిరినవాడిలా
సిగ్గుపడి వెనక్కొచ్చాను.
నిజం చెప్పాలంటే
సిగ్గు కన్నా చిన్నబుచ్చుకున్నదే ఎక్కువ.
పామైతే బాగుండేది.

అందరూ వెళ్ళాక డబ్బా బోర్లించాను.
అమ్మినవి అరవై మూడు, కోటుతో కలిపి.
బల్ల మీద ముక్కలు అరవై నాలుగు.
వేలు తడిచేసుకుని మళ్ళీ లెక్కపెట్టాను.
అరవై నాలుగు.
పోయినవారం ముక్క మూత అడుగున
అంటుకుపోయి ఉండొచ్చు.
తిప్పి చూస్తే వెనక తేదీ ఉంటుంది.

తిప్పలేదు.
ఒక ముక్క తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.
ఎవరిదో, ఏ సీటుదో.
తాళం వేసి, కాలరు పైకి లాక్కుని,
పందొమ్మిదేళ్ళలో ఎన్నడూ లెక్కపెట్టని మెట్లు
మెల్లగా, పైకే అంకెలు చెప్పుకుంటూ దిగాను.

పన్నెండు.